రొట్టె అడగలేని పిల్ల

పదహారేళ్ల పిల్ల పరాయి ఇంటి గడప ముందు నిలబడి ఉంది.

వెనక, వాళ్లు తలదాచుకున్న చోట, తల్లి చావుబతుకుల్లో ఉంది. జ్వరం మగతలో కూడా అన్నం అన్నం అని కలవరిస్తోంది. అన్న వచ్చి చెల్లెల్ని బతిమాలాడు, పక్కింటికి పోయి ఇంత సజ్జరొట్టె ముక్క అడిగి తెమ్మని. ఆ పిల్లకు భాగవతం కంఠతా వచ్చు. ఏ ఊళ్లోనైనా పురాణం మొదలుపెడితే జనం చుట్టూ చేరి వినేవాళ్లు. ఆ గడప ముందు మాత్రం నోరు పెగల్లేదు. ఇంటావిడ దయగానే పలకరించింది. ఆ పలకరింపుకే ఏడుపు తన్నుకొచ్చింది. పరాయి మనిషి ముందు ఏడవకూడదని పంతం పట్టి కళ్లనీళ్లు బిగబట్టింది. అవి కళ్లలోంచి రాలేదు గాని ముక్కులోంచి కారిపోయాయి. ఆ ముఖం చూసి ఆవిడే అడిగింది, ఏమైనా తింటావా అని. అప్పుడు గాని పిల్లకు మాట రాలేదు: కొంచెం సజ్జరొట్టె చాలు.

రొట్టె చేతికి వచ్చింది. కృతజ్ఞత చెప్పడానికి మళ్లీ నోరు రాలేదు. తల్లి దగ్గరికి పరుగెత్తింది.

ఆ పిల్ల పేరు రమా డోంగ్రే. తర్వాత లోకం పండిత రమాబాయి సరస్వతి అని పిలిచింది. ఈ సంగతి ఆమె కల్పించి చెప్పింది కాదు, 1907లో, యాభయ్యో ఏడు దగ్గర పడుతున్నప్పుడు, తన ఆత్మసాక్ష్యంలో రాసుకుంది. ముక్కులోంచి కారిన కన్నీళ్ల దగ్గర్నుంచి అన్నీ ఆమె చెప్పినవే. ముప్పై ఏళ్లు దాటినా ఆ గడప ఆమెకు అంత స్పష్టంగా గుర్తుంది.

ఈ కథ నేను మొదట విన్నది పిట్లంలో. సంగారెడ్డి నుంచి దెగ్లూరు వైపు పోయే పెద్దరోడ్డు మీది ఊరు మాది. అటు మహారాష్ట్ర, ఇటు కర్ణాటక, మధ్యలో మంజీర. మా తెలుగులో మరాఠీ, కన్నడం, ఉర్దూ కలగలిసి ఉంటాయి. అమ్మ పోయిన ఏడాది నాకు ఎనిమిదేళ్లు. చాలా నెలలు నేను ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదట. మా ఇంటి వెనక ఒక ముసలమ్మ ఉండేది. మాకు బంధువు కాదు, ఆదివారం ఆదివారం చర్చికి పోయేది, అందరం అవ్వ అనే వాళ్లం. సాయంత్రం పూట ఆమె జొన్నరొట్టెలు చేస్తుంటే నేను పోయి పొయ్యి పక్కన కూచునేదాన్ని. ఎందుకొచ్చినవ్ అని ఏనాడూ అడగలేదు. రొట్టె కొడుతూ కొడుతూ కథలు చెప్పేది. అందులో ఒకటి రమాబాయమ్మ కథ. అవ్వ చెప్పిన దాంట్లో ఊళ్ల పేర్లు, తేదీలు లేవు. అవి నేను పెద్దయ్యాక చదువుకుని చేర్చుకున్నవి. జరిగిన సంగతులు పుస్తకాల్లోవి. వాటి మధ్య ఉన్న నిశ్శబ్దం మాత్రం నేను ఊహించుకున్నది.

ఈ కథలో మొదటి భాగం మన నేల మీదే జరిగింది, తిరుమల కొండల్లో.

రమ తండ్రి అనంతశాస్త్రి డోంగ్రే గొప్ప సంస్కృత పండితుడు. ఆడవాళ్లకు సంస్కృతం చెప్పకూడదన్న రోజుల్లో భార్య లక్ష్మీబాయికి నేర్పాడు. చుట్టూ ఉన్న పండితులతో మాటపట్టింపులు వచ్చాయి. పడమటి కనుమల్లో గంగామూల అనే అడవిలో ఆశ్రమం కట్టుకుని అక్కడే కాపురం పెట్టాడు. 1858 ఏప్రిల్ 23న రమ అక్కడే పుట్టింది. ఆర్నెల్ల పిల్లగా ఉన్నప్పుడే సంసారం మొత్తం కొండ దిగి యాత్రలు పట్టింది. పసిపిల్లను పేము బుట్టలో పెట్టి మోసుకొచ్చారు. ఆ రోజు మొదలు ఆ పిల్లకు సొంత ఇల్లు అంటూ లేదు. గుళ్లు, తీర్థాలు, సత్రాలు, చెట్ల కిందలు. వాళ్లది పురాణం చెప్పుకుని బతికే జీవితం. తండ్రి ముసలివాడయ్యాక తల్లే పిల్లకు చదువు చెప్పింది. తెల్లారకముందే లేపి, చీకట్లోనే శ్లోకాలు వల్లె వేయించేది.

1870లలో మద్రాసు ప్రెసిడెన్సీని కరువు కమ్మేసింది. పురాణం వినేవాడే తిండిలేక పడి ఉంటే చెప్పేవాడికి ఏం పెడతాడు? ఉన్నది అమ్ముకున్నారు. నగలు పోయాయి, వెండి పోయింది, చివరికి ఇత్తడి గిన్నెలు కూడా. దేవుడు ఆదుకుంటాడని ఉన్న డబ్బు దానాలకు, పూజలకు పెట్టారు. కూలి చేసుకుని బతకడానికి కులం అడ్డం వచ్చింది, చేద్దామన్నా చేతపని రాదు. తిరుపతి చేరి కొండమీది తీర్థాల్లో మునుగుతూ దండాలు పెట్టుకుంటూ రోజులు గడిపారు. చివరి బియ్యపు గింజ కూడా అయిపోయింది. ఆ తర్వాత పదకొండు పగళ్లు, పదకొండు రాత్రులు నీళ్లు, ఆకులు, గుప్పెడు అడవి ఈతపళ్లతో బతికారు.

కళ్లు కనపడని తండ్రి, ఇక పవిత్ర తీర్థంలో దిగి ప్రాణం విడుస్తానన్నాడు. అందరూ ఒకరి తర్వాత ఒకరు అలాగే పోదామనుకున్నారు. ముందు తండ్రి వంతు. అందుకని పిల్లల దగ్గర సెలవు తీసుకున్నాడు. చిన్నకూతుర్ని చేతుల్లోకి తీసుకుని, నిన్ను దేవుడి చేతుల్లో పెడుతున్నాను, బతికినంతకాలం ఆయనదానివై ఉండమని చెప్పాడు. ఆమె ముఖం ఆయనకు కనపడదు. ఆమెకు మాత్రం ఆ చేతుల బిగువు జీవితాంతం గుర్తుంది.

అప్పుడు అన్న శ్రీనివాసశాస్త్రి అడ్డం పడ్డాడు. కులం గిలం పక్కన పెట్టి కూలికైనా పోయి మిమ్మల్ని సాకుతానన్నాడు. అందరూ కొండ దిగారు. కానీ ఆలస్యమైపోయింది. కొద్దిరోజులకే తండ్రి పోయాడు. ఆఖరి ఘడియల్లో సన్యాసం తీసుకున్నాడు గనక దహనం చేయకూడదు, పాతిపెట్టాలి. మోయడానికి ఒక్కరు రాలేదు. కొడుకే ధోవతిలో మూటగట్టుకుని రెండు మైళ్లకు పైగా ఒంటరిగా మోసుకుపోయాడు. వెనక ముగ్గురు ఆడవాళ్లు: తల్లి, అక్క, రమ.

ఆ తర్వాత కొన్ని వారాలకే ఆ గడప, ఆ రొట్టె. రమ పరుగెత్తుకుంటూ తెచ్చిన రొట్టెను తల్లి తినలేకపోయింది. నమిలే సత్తువ కూడా లేదు. కొద్దిరోజులకు ఆమె కూడా పోయింది. శ్మశానం మూడు మైళ్లు. ఇద్దరు బ్రాహ్మణులు భుజం పట్టడానికి వచ్చారు, మూడోది అన్న, నాలుగోది రమ. అందరికంటే పొట్టిది కావడంతో పాడె కొమ్ము ఆమె భుజానికి అందదు. తల మీద పెట్టుకుని మోసింది. కొన్నాళ్లకు అక్క కృష్ణాబాయి కూడా కన్నుమూసింది.

ఇక్కడ అవ్వ ఎప్పుడూ ఆగేది. పొయ్యిలో కట్టె ఎగదోసి, కాసేపు ఏమీ మాట్లాడేది కాదు. నాకిప్పుడు అర్థమవుతుంది ఆ ఆగడం. చిన్నప్పటి దుఃఖాన్ని పిల్లలు ఏడ్చి వదిలించుకోలేరు, అది వాళ్ల గొంతులో కూచుంటుంది. బాగా మాట్లాడే పిల్ల ఉన్నట్టుండి మూగబోతే మనం మొండిదంటాం, పొగరంటాం. పురాణం చెప్పే పిల్ల రొట్టె అడగలేకపోవడం పొగరు కాదు.

అన్నాచెల్లెళ్లు ఆ తర్వాత ఉత్తరాదిన కాశ్మీరం దాకా కాలినడకన తిరిగారు. జీలం నది ఒడ్డున చలికాలం రాత్రి కప్పుకోవడానికి గుడ్డ లేక, ఇసుకలో గోతులు తవ్వుకుని, మెడదాకా ఇసుక కప్పుకుని పడుకున్నారు. నమ్మిన దేవుళ్లు పలకలేదన్న బాధ ఆ నడకలోనే ముదిరింది. ఎవరి నమ్మకాన్నీ కించపరచడానికి ఈ మాట రాయడం లేదు. ఆ పిల్లకు అలా జరిగింది, ఆమె అలా రాసుకుంది.

1878లో కలకత్తా చేరారు. ఇరవయ్యేళ్ల యువతి సంస్కృతంలో ప్రసంగిస్తుంటే అక్కడి పండితులు నోరెళ్లబెట్టారు. పరీక్షించి ‘పండిత’, ‘సరస్వతి’ బిరుదులిచ్చారు. సభల్లో ఆ గొంతు ఖంగుమనేది. లోపలి గొంతు అప్పటికీ మూగదే. 1880లో అన్న పోయాడు. అదే ఏడాది నవంబరులో విపిన్ బిహారి మేధావి అనే బెంగాలీ వకీలును కులం చూడకుండా రిజిస్టరు పెళ్లి చేసుకుంది. సిల్చారులో కాపురం. 1881లో కూతురు మనోరమ పుట్టింది. 1882 ఫిబ్రవరిలో కలరా భర్తను ఎత్తుకుపోయింది. ఇరవై నాలుగేళ్లు నిండకముందే ఆమె అందరినీ పోగొట్టుకుంది, ఒక్క పసిపిల్లను తప్ప.

సిల్చారులోనే భర్త పుస్తకాల మధ్య బెంగాలీలో ఉన్న లూకా సువార్త చిన్న పుస్తకం ఆమె కంటపడింది. చదివింది, బాగుందనుకుంది, అంతే. మనిషి మారిపోయేంత పెద్ద సంగతేమీ అప్పుడు జరగలేదు. పుణె వచ్చి ఆర్య మహిళా సమాజం పెట్టింది. ఆడవాళ్లకు ఆడ డాక్టర్లు కావాలని, చదువుల మీద సర్కారు వేసిన హంటర్ కమిషన్ ముందు సాక్ష్యం చెప్పింది. వైద్యం చదవాలని 1883లో పసిపిల్లతో, ఆనందీబాయి భగత్ అనే స్నేహితురాలితో ఇంగ్లండు ఓడ ఎక్కింది. అక్కడ వాంటేజ్ అనే ఊళ్లో సన్యాసినుల మఠం వాళ్లకు చోటిచ్చింది.

అక్కడికి పోయాక మరో దెబ్బ తగిలింది. తమను బలవంతంగా మతంలో కలుపుతారేమోనన్న భయంతో ఆనందీబాయి ఆత్మహత్య చేసుకుంది. రమాబాయి అతలాకుతలమైపోయింది. ఆక్స్‌ఫర్డులో మాక్స్ ముల్లర్ ఇంట్లో కొన్నాళ్లు ఉంది. రాత్రిళ్లు ఒంటరిగా పడుకోలేకపోయేది, అందుకని ఒక పనిమనిషిని రోజూ ఆమె గదిలోనే పడుకోబెట్టే వాళ్లమని ముల్లర్ తర్వాత రాశాడు. ఆ పనిమనిషి పేరు ఏ పుస్తకంలోనూ నాకు కనపడలేదు. వేదాలు చదువుకున్న ప్రొఫెసరుకన్నా, చీకట్లో పక్కన ఊపిరి వినపడేలా పడుకున్న ఆ పనిమనిషి చేసిన సాయమే నాకు పెద్దదిగా కనిపిస్తుంది. అమ్మ పోయాక మొదటి రాత్రులు ఎలా ఉంటాయో నాకు తెలుసు.

వాంటేజ్ సన్యాసినులు ఆమెను లండన్‌లోని ఫుల్హామ్‌కు తీసుకెళ్లారు. అక్కడ వాళ్లు నడిపే ఇల్లొకటి ఉంది. చెడిపోయినవాళ్లని లోకం ముద్రవేసిన ఆడవాళ్లు అందులో ఉండేవాళ్లు. ఆ ఆడవాళ్లకు సన్యాసినులు స్వయంగా సేవ చేస్తున్నారు. మీరు ఏం చేశారని ఎవరినీ నిలదీయడం లేదు. రమాబాయి అలాంటిది అంతవరకు చూడలేదు. పెద్ద పెద్ద శాస్త్రాలు చదివింది, వాటిలో అలాంటి ఆడదానికి శిక్షే తప్ప ఆదరణ కనపడలేదు. వీళ్లను ఎందుకిలా చూసుకుంటున్నారని ఒక సన్యాసినిని అడిగింది. ఆమె వాదన పెట్టుకోలేదు. యోహాను సువార్త తెరిచి, యేసు బావి దగ్గర సమరయ స్త్రీని కలిసిన కథ చదివి వినిపించింది.

ఆ కథ మన పల్లెల్లో చర్చికి పోయేవాళ్లకు తెలిసినదే. మిట్టమధ్యాహ్నం, ఎవరూ రాని వేళ చూసుకుని ఒక ఆడమనిషి నీళ్లకు వస్తుంది. నలుగురి నోళ్లకు భయపడి ఆ వేళ వచ్చిందని ప్రసంగాల్లో చెబుతారు. ఆమె నోరు తెరవకముందే ఆయన పలకరిస్తాడు, తాగడానికి నీళ్లిమ్మంటాడు. ఆమె మొత్తం బతుకు తెలిసి కూడా ఛీ అనడు. రమాబాయికి ఇది ఎందుకు అంత లోతుగా తగిలిందో నేను చెప్పగలనని అనుకుంటున్నాను. అడగలేక నిలబడ్డ పిల్లను ఎవరో ముందుగా పలకరించడం ఆమెకు ఒక్కసారి జరిగింది, ఆ గడప దగ్గర. ఆ ఇల్లాలి ముఖంలో ఒక్క క్షణం కనపడినది, ఇక్కడ ఒక దేవుడి గుణంగా కనపడింది.

1883 సెప్టెంబరు 29న ఆమె, మనోరమ బాప్తిస్మం తీసుకున్నారు.

గాయం ఆ రోజుతో మానిపోయిందని రాస్తే అబద్ధమవుతుంది. ఆమె ఎవరు ఏది చెబితే అది తలూపే మనిషి కాదు. తనను చేరదీసిన సిస్టర్ జెరాల్డిన్‌తోనే సిద్ధాంతాల మీద ఉత్తరాల్లో గట్టిగా పోట్లాడింది. నా మనస్సాక్షికి నేనే యజమానినంది. చెవుడు ముదిరి వైద్యవిద్య ఆశ కూడా పోయింది. క్రైస్తవ మతమైతే దొరికింది గాని క్రీస్తు దొరకలేదని తర్వాత తనే ఒప్పుకుంది. ఆమెకు ఆ నెమ్మది 1891లో, అంటే బాప్తిస్మం తీసుకున్న ఎనిమిదేళ్లకు వచ్చింది. నన్ను ఉన్నదాన్ని ఉన్నట్టుగా ఆయన చేరదీశాడన్న నమ్మకం. ప్రార్థన చేస్తే చిన్ననాటి బాధ చిటికెలో పోతుందని చెప్పేవాళ్లకు ఆ ఎనిమిదేళ్లను చూపించాలనిపిస్తుంది నాకు.

ఈలోగా అమెరికా వెళ్లొచ్చి, పుస్తకం రాసి, చందాలు కూడగట్టి, 1889 మార్చి 11న బొంబాయిలో బాలవితంతువుల కోసం శారదా సదన్ తెరిచింది. మరుసటి ఏడాది దాన్ని పుణెకు మార్చింది. మొదట్లో చేరిన పిల్లల్లో గోదూబాయి ఒకతె. తర్వాత ధోండో కేశవ్ కర్వే ఆమెను పెళ్లాడి వితంతు వివాహాల చరిత్రలో నిలిచాడు. పిల్లలను మతం మారుస్తోందని 1893లో పుణెలో పెద్ద గొడవ రేగింది, తిలక్ పత్రిక కేసరి దుయ్యబట్టింది, సలహా సంఘంలోని పెద్దలు తప్పుకున్నారు, చాలామంది పిల్లలను ఇళ్లకు తీసుకుపోయారు. రమాబాయి చెప్పింది ఒకటే. నేను ఎవరినీ బలవంతపెట్టను, నేను ప్రార్థన చేసుకునేటప్పుడు మాత్రం నా గది తలుపు మూసుకోను అని.

1896 చివర్లో మళ్లీ కరువు, ఈసారి మధ్యపరగణాల్లో. పత్రికల్లో వార్తలు చదువుతుంటే తిరుపతి కొండలు కళ్ల ముందు తిరిగాయి. ఇరవై ఏళ్ల నాటి తన ఆకలి తనను కూచోనివ్వలేదని ఆమె స్వయంగా రాసింది. బయల్దేరి వెళ్లింది. కరువు శిబిరాల్లో, చెట్ల కింద, అస్థిపంజరాల్లాంటి ఆడపిల్లలు. కొందరిని దళారులు అప్పటికే కొనుక్కుపోతున్నారు. చూస్తూనే ఎవరి పరిస్థితి ఏమిటో ఆమెకు తెలిసిపోయేది, ఒకప్పుడు తనదీ అదే ముఖం గనక. అలా దాదాపు 300 మంది పిల్లల్ని తెచ్చింది.

పుణెలో ప్లేగు నిబంధనలు. అంతమందిని ఊళ్లో ఉంచనివ్వలేదు. షోలాపురం రైలుదారిలో కేడ్గావ్ దగ్గర ఆమె అంతకుముందే కొన్న పొలం ఉంది. పిల్లల్ని అక్కడికి చేర్చింది. బావులు తవ్వించింది, కొట్టాలు వేయించింది. 1898లో అదే ‘ముక్తి’ అయ్యింది. 1900లో గుజరాత్ కరువు వచ్చినప్పుడు ఇంకా వందల మందిని తెచ్చారు. అక్కడి జనం దాదాపు రెండు వేలకు చేరింది.

ఆ పిల్లల్ని ఎవరు చూసుకున్నారు? ఇదే నాకు ఈ కథలో గుండెకాయ అనిపిస్తుంది. శారదా సదన్‌లో పెరిగిన బాలవితంతువులు, ఒకప్పుడు గుండు చేయించి మూల గదిలో కూచోబెట్టిన పిల్లలు, కరువు పిల్లలకు తల్లులుగా, టీచర్లుగా నిలబడ్డారు. పుళ్లు కడిగారు, పేలు తీశారు, పక్కన పడుకున్నారు. చదువు, నేత, గానుగ, పాడి, పొలం, అచ్చు యంత్రం, అన్ని పనులూ ఆడవాళ్లే నేర్చుకుని నడిపారు. చూపులేని పిల్లల కోసం మనోరమ బ్రెయిలీ నేర్చుకుని వచ్చింది. మోసపోయినవాళ్లకు కృపా సదన్ అని వేరే ఇల్లు కట్టారు. ఫుల్హామ్‌లో చూసినదాన్ని రమాబాయి మరచిపోలేదు.

పల్లెటూరి ఆడవాళ్లకు అర్థమయ్యే మాటల్లో బైబిలు ఉండాలని ఆమె హీబ్రూ, గ్రీకు నేర్చుకుని మరాఠీలోకి తనే తర్జుమా చేయడం మొదలుపెట్టింది. ముక్తి పిల్లలే అక్షరాలు కూర్చారు. 1921లో మనోరమ పోయింది. తల మీద మోసిన తల్లిని, అన్న మూటగట్టి మోసిన తండ్రిని, అక్కను, అన్నను, భర్తను పోగొట్టుకున్న మనిషికి చివరికి కూతుర్ని కూడా పోగొట్టుకోవడం రాసిపెట్టి ఉంది. అయినా ప్రూఫులు దిద్దుతూనే ఉంది. 1922 ఏప్రిల్ 5న కన్నుమూసింది. బైబిలు 1924లో బయటికొచ్చింది.

మనోరమ బతికుండగా, ఆమె సాయంతో రమాబాయి గుల్బర్గాలో ఒక స్కూలు పెట్టింది. గుల్బర్గా అప్పుడు మాలాగే నైజాం రాజ్యంలో ఉన్న ఊరు. రమాబాయమ్మ పేరు మా మంజీర ఒడ్డుకు ఆ దారినే వచ్చిందో, మెదక్ చర్చి కట్టినప్పుడు పనికి పోయినవాళ్ల నోట వచ్చిందో, అవ్వను అడగాలన్న ఆలోచన అప్పుడు నాకు రాలేదు. 1914 తర్వాతి కరువులో పోస్నెట్ అనే మిషనరీ దొర ఆ గుడి పని పెట్టి జనానికి కూడు పెట్టిన సంగతి మా వైపు పెద్దవాళ్లు ఇప్పటికీ చెబుతారు.

అవ్వకు బైబిలు చదవడం రాదు. విన్నది గుర్తు పెట్టుకునేది. కథ చెప్పిన ఆ సాయంత్రం నేను చాలాసేపు ఊరుకుని, చాలా నెలల తర్వాత మొదటిసారి నా అంతట నేను ఒక ప్రశ్న అడిగాను.

"అవ్వా, ఆ రొట్టె వాళ్లమ్మ తిన్నదా?"

అవ్వ పెనం మీది రొట్టె తిప్పింది.

"తినలే బిడ్డా. తినేటందుకు పానం ఆగలే."

మా అమ్మ కూడా ఆఖరి రోజుల్లో ఏమీ తినలేదు. నేను గిన్నె పట్టుకుని నిలబడ్డ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఆ రాత్రి అవ్వకు చెప్పాను. మధ్యలో ముక్కు కారింది, చెంగుతో తుడిచింది. నేను చెప్పడం అయిపోయేదాకా ఆమె ఒక్క మాట అనలేదు. పొయ్యి మీద రొట్టె మాడింది.

తర్వాత ఇంకో పిండి ముద్ద తీసుకుని, నా వైపు చూడకుండానే అడిగింది.

"ఇంకో రొట్టె తింటవా?"